కుటుంబ చట్టాల గురించి మీ ఎమ్మెల్యే, ఎంపీ చేత సభలో అడిగించడం ఎలా

"మా అల్లుడు మా అమ్మాయిని కొడుతున్నాడు, ఎస్సైకి ఒక్క ఫోన్ కొట్టండి సార్" అని ఎమ్మెల్యే దగ్గరికి పోవడం వేరు. "ఇలాంటి ఆడపిల్లల ఫిర్యాదు రాసుకోవాల్సిన రక్షణ అధికారికి మన జిల్లాలో వేరే పనులతోనే సరిపోతోంది, దీని మీద సభలో ప్రశ్న వేయండి" అని పోవడం వేరు. ఇక్కడ రాసేదంతా రెండోదాని గురించే. మొదటిది తప్పని అనను, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరి చేత ఫోన్ చేయించుకున్నా తప్పు లేదు. కాకపోతే క్యాంపు ఆఫీసు వరండాలో జరిగే మొగుడూపెళ్లాల పంచాయితీల్లో చివరికి కాగితం మీద సంతకం పెట్టి సర్దుకుపొమ్మనిపించుకునేది ఎక్కువగా ఆడపిల్ల తరఫువాళ్లే. పైగా ఆ పంచాయితీ తెగినా తెగకపోయినా పక్క ఊళ్లో ఇంకో అమ్మాయికి ఒరిగేదేమీ ఉండదు. శాసనసభ్యుడికి మనం జీతం ఇచ్చేది చట్టాలు చేయడానికీ, ఉన్న చట్టం నడవకపోతే మంత్రిని నిలదీయడానికీ. ఆ పని అడిగేవాళ్లే చాలా తక్కువ, అందుకే సరిగ్గా అడిగితే మీ కాగితం మిగతావాటి కంటే ముందు కంట పడుతుంది.

"అది సెంట్రల్ సబ్జెక్టమ్మా"

వెళ్లగానే మీరు వినబోయే మొదటి మాట ఇదే. "పెళ్లిళ్లు, విడాకులు, ఆస్తులు ఇవన్నీ ఢిల్లీ చూసుకునేవి, ఎంపీ గారిని కలవండి" అంటారు. అది సగమే నిజం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉమ్మడి జాబితా ఉంటుంది, దాంట్లో 5వ అంశం తీసి చూడండి. పెళ్లి, విడాకులు, మైనర్లు, దత్తత, వీలునామా, వారసత్వం, ఉమ్మడి కుటుంబం, పంపకాలు, అన్నీ అక్కడే ఉన్నాయి. అంటే పార్లమెంటూ చట్టం చేయొచ్చు, శాసనసభా చేయొచ్చు. కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం ఏదైనా చేస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి, అది 254(2) అధికరణం. ఆమోదం వస్తే ఆ రాష్ట్రం వరకు రాష్ట్ర చట్టమే చెల్లుతుంది.

ఇదేదో పుస్తకాల్లో మాట కాదు, మన దగ్గరే జరిగింది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మన శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 1986 నాటి 13వ చట్టం అది, అమలు మాత్రం 1985 సెప్టెంబర్ 5 నుంచే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి. పార్లమెంటు ఆ పని చేసింది 2005లో, అంటే మన తర్వాత 20 ఏళ్లకి. వరకట్నం సంగతీ అంతే. కేంద్రం 1961లో వరకట్న నిషేధ చట్టం తెచ్చేనాటికే ఆంధ్రప్రదేశ్‌కి 1958 నాటి సొంత చట్టం ఉంది, కేంద్ర చట్టం చివరి సెక్షన్‌లో దాన్ని పేరు పెట్టి మరీ రద్దు చేశారు. కాబట్టి సెంట్రల్ సబ్జెక్ట్ అన్న మాట వినగానే లేచి వచ్చేయకండి, "1985లో మన అసెంబ్లీయే చేసింది కదండీ" అని నెమ్మదిగా అనండి.

అదే చట్టంలో ఇంకో పాఠం ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. 1985 సెప్టెంబర్ 5కి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకి ఈ హక్కు వర్తించదని ఒక ముక్క చేర్చారు. దాంతో అక్కకి 1984లో పెళ్లయి, చెల్లికి 1986లో అయితే చెల్లికి వాటా ఉంది, అక్కకి లేదు. ఒకే ఇల్లు, ఒకే తండ్రి. 2005 సవరణ వచ్చి పెళ్లితో సంబంధం లేకుండా కూతుళ్లందరికీ హక్కు ఇచ్చేదాకా అంతే. ఆ తర్వాత కూడా "2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే" అని కోర్టుల్లో వాదనలు నడిచాయి, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు అలాంటి షరతేం లేదని తేల్చింది. ఎంతమంది అక్కలు ఈ లోపల కోర్టుల చుట్టూ తిరిగారో ఆలోచించండి. అందుకే అంటున్నా, "ఆడవాళ్లకి న్యాయం చేయండి" అని అర్జీ ఇస్తే చాలదు. ఏ వాక్యం ఎలా ఉండాలో కూడా మీరే రాసి ఇవ్వాలి.

మీ సమస్య ఏ గుమ్మానికి చెందినదో చూసుకోండి

చట్టం మాటే మార్చాల్సినవి కొన్ని ఉంటాయి. చట్టం బాగానే ఉండి రాష్ట్ర ప్రభుత్వం నడపనివి కొన్ని. ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ ఇస్తే తప్ప కదలనివి ఇంకొన్ని. జనం మొదటిదాని మీదే ఆవేశపడతారు గానీ, తొందరగా ఫలితం వచ్చేది రెండోదాంట్లోనే.

కుటుంబ న్యాయస్థానాలే తీసుకోండి. ఈ ఆలోచన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ది. 1953లో చైనా వెళ్లి అక్కడి కోర్టులు చూసొచ్చి, మనకీ ఇలాంటివి కావాలని జడ్జీలతోనూ నెహ్రూతోనూ మాట్లాడారామె. చట్టం వచ్చింది 1984లో, అప్పటికి ఆమె పోయి మూడేళ్లు. ఆ చట్టం ప్రకారం 10 లక్షలు దాటిన జనాభా ఉన్న ఊళ్లో ఫ్యామిలీ కోర్టు పెట్టి తీరాలి, మిగతా చోట్ల అవసరాన్ని బట్టి రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టుని సంప్రదించి పెట్టొచ్చు. కౌన్సెలర్లు ఎంతమంది ఉండాలి, ఎలాంటివాళ్లు ఉండాలి అన్నదీ రాష్ట్రమే హైకోర్టుతో మాట్లాడి తేల్చాలి. లాయరు పెట్టుకోవడం హక్కు కాదని 13వ సెక్షన్ చెబుతుంది, మామూలు మనిషి తన గోడు తనే చెప్పుకోవాలని ఉద్దేశం. మరి అలా చెప్పుకోవడానికి వచ్చిన మనిషికి కూర్చోవడానికి బెంచీ ఉందా? తండ్రి పిల్లాణ్ణి చూసుకునే రోజున ఆ పిల్లాడు ఆడుకోవడానికి ఒక గది ఉందా, లేక వరండాలో పోలీసుల మధ్యే కలుసుకోవాలా? కౌన్సెలర్ పోస్టులు ఎన్ని ఖాళీ? ఇవన్నీ మీ ఎమ్మెల్యే అడగగలిగినవే. చట్టం మార్చక్కర్లేదు, బడ్జెట్‌లో ఒక పద్దు చాలు.

గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. ప్రతి జిల్లాలో రక్షణ అధికారులని నియమించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, వీలైనంతవరకు ఆడవాళ్లనే పెట్టాలని 8వ సెక్షన్. చాలాచోట్ల మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారికే దీన్ని అదనపు పనిగా అంటగట్టారు. అంగన్‌వాడీల లెక్కలు చూసుకునే మనిషి కొట్టించుకున్న ఆడమనిషి ఇంటికి ఎప్పుడు వెళ్తారు? అర్జీ వేసిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నం అని చట్టంలో రాసి ఉంది. మీ ప్రాంతంలో ఎంత పడుతోందో ఏ లాయరు గారిని అడిగినా చెబుతారు.

తల్లిదండ్రుల పోషణ చట్టం 2007 ఇంకొకటి. దీని కింద ట్రిబ్యునల్ అంటే మన దగ్గర ఆర్డీఓ గారే. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. నెలకి ఇప్పించగల గరిష్ఠ మొత్తం 10,000 రూపాయలకి మించకూడదని చట్టమే గిరి గీసింది. కొడుకు డాలర్లలో సంపాదిస్తున్నా అంతే. ఆ గిరి తీసేయడానికి 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, స్థాయీ సంఘానికి (బిల్లుల్ని లోతుగా పరిశీలించే ఎంపీల కమిటీకి) వెళ్లింది, నివేదికా వచ్చింది, 2024లో లోక్‌సభ రద్దవడంతో బిల్లు కూడా పోయింది. ఆడపిల్లల పెళ్లి వయసు 21కి పెంచే 2021 నాటి బిల్లుకీ అదే గతి పట్టింది. ఇలాంటివి ఎంపీ దగ్గర పెట్టాల్సినవి: "ఆ బిల్లు మళ్లీ తెస్తున్నారా లేదా?" ఒక్క ప్రశ్న.

ఇక ఢిల్లీ నోటిఫికేషన్ సంగతి. హిందూ వారసత్వ చట్టం 2(2) సెక్షన్ ప్రకారం, కేంద్రం గెజిట్‌లో చెబితే తప్ప షెడ్యూల్డ్ తెగలకి ఆ చట్టం వర్తించదు. అంటే పాడేరులోనో ఉట్నూరులోనో ఉన్న ఆదివాసీ కూతురు 1985 చట్టాన్నీ 2005 చట్టాన్నీ చూపించి వాటా అడగలేదు. 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దీని గురించి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది కూడా. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. మైదానం నుంచి మనం వెళ్లి వాళ్ల తరఫున అర్జీ రాసేయడం కాదు, భూమి అన్యాక్రాంతమవుతుందన్న భయం ఏజెన్సీలో నిజంగానే ఉంది, ముందు అక్కడి ఆడవాళ్లు ఏమంటున్నారో వినాలి. ముస్లిం, క్రైస్తవ చట్టాల విషయంలోనూ ఇదే నియమం. ఉదాహరణకి క్రైస్తవుల విడాకుల చట్టంలో, ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలన్నా రెండేళ్లు విడిగా ఉండాలని రాసి ఉంది, హిందువులకి ఏడాది చాలు. ఇది మార్చమని గుంటూరులోని చర్చి మహిళా సంఘం అడిగితే ఒక బరువు, నేను అడిగితే ఇంకో అనుమానం.

ఒక్క సెక్షన్ పట్టుకోండి

పది డిమాండ్ల చిట్టా పట్టుకెళ్తే పీఏ నవ్వి తీసుకుంటాడు, అక్కడితో సరి. అంబేద్కర్ అంతటి మనిషి హిందువుల పెళ్లి, విడాకులు, వారసత్వం అన్నీ కలిపి హిందూ కోడ్ బిల్లుని ఒకే మూటగా తెస్తే సభ కదలనివ్వలేదు, 1951లో మంత్రి పదవికి రాజీనామా చేసి బయటికొచ్చారు. అదే సరుకు తర్వాత 1955, 1956ల్లో నాలుగు చట్టాలుగా విడగొట్టాక గట్టెక్కింది, అదీ చాలా నీరుగారి. మనం ఎంత, మన అర్జీ ఎంత. ఒక్కటే అడగండి.

ఏది అడగాలో తోచకపోతే నా ఓటు హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్‌కి. వీలునామా రాయకుండా ఒక హిందూ స్త్రీ చనిపోతే ఆస్తి ముందు పిల్లలకి, భర్తకి. వాళ్లెవరూ లేకపోతే భర్త వారసులకి. వాళ్లు కూడా లేకపోతే అప్పుడు ఆమెని కన్న తల్లిదండ్రులకి. మళ్లీ చదవండి, ఆమె సొంతంగా సంపాదించుకున్న డబ్బయినా సరే, అమ్మానాన్నల కంటే ముందు మరిది, ఆడబిడ్డ, వాళ్ల పిల్లలు వస్తారు. అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం పుట్టింటికి తిరిగి వెళ్తుంది, స్వార్జితం వెళ్లదు. 2009లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన కేసు చూడండి. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయాడు, అత్తింటివాళ్లు గెంటేశారు, పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం తెచ్చుకుంది, మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వీలునామా రాయకుండా చనిపోతే బ్యాంకు డబ్బులూ పీఎఫ్ అన్నీ గెంటేసిన ఆ ఇంటి తరఫువాళ్లకే వెళ్లాయి. సానుభూతి ఉన్నా చట్టం ఇంతేనని కోర్టు తేల్చేసింది. దానికి ఏడాది ముందే, 2008లో, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ తన 207వ నివేదికలో ఇలాంటి స్వార్జితం పుట్టింటివాళ్లకీ భర్త వారసులకీ కలిపి చెందాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక ఇప్పటికీ అలానే ఉంది.

(ఈలోగా చట్టం మారేదాకా ఆగకండి. మీ ఇంట్లో ఉద్యోగం చేసే ఆడవాళ్ల చేత వీలునామా రాయించండి. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే గొడవలు తక్కువ. ఆస్తి వచ్చేవాళ్లని సాక్షులుగా పెట్టకండి.)

ఎవరి దగ్గరికి వెళ్లాలి

మీ ఎమ్మెల్యే దగ్గరికే అని కాదు. తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలు, 40 మంది ఎమ్మెల్సీలు. ఆంధ్రలో 175, 58. మండలి సభ్యుల్ని జనం మర్చిపోతారు గానీ ఇలాంటి పనికి వాళ్లే మేలు, ముఖ్యంగా పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకి రోడ్లు, డ్రైనేజీల టెన్షన్ తక్కువ, కాగితం చదివే ఓపిక ఎక్కువ. పార్లమెంటులో అయితే లోక్‌సభకి తెలంగాణ నుంచి 17, ఆంధ్ర నుంచి 25 మంది. రాజ్యసభ వాళ్లనీ కలపండి. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ప్రశ్న గట్టిగా వేస్తారు, అధికార పక్షంలో ఉన్నవాళ్లు మంత్రి చెవిలో మాట వేస్తారు, రెండూ కావాలి. ఒకరికి ఇచ్చిన కాగితం ఇంకొకరికి ఇవ్వకూడదన్న పట్టింపు పెట్టుకోకండి, కానీ ఒకరి దగ్గర ఇంకొకరి పేరు ఎత్తి పోటీ పెట్టారో, ఇద్దరూ జారుకుంటారు.

పొద్దున్న క్యాంపు ఆఫీసులో ఎలా ఉంటుందో మీకు తెలుసు. సీఎం సహాయ నిధి కోసం ఆసుపత్రి బిల్లులు పట్టుకొచ్చినవాళ్లు, ట్రాన్స్‌ఫర్ సిఫారసు లేఖలవాళ్లు, కళ్యాణలక్ష్మి చెక్కు ఇంకా రాలేదనేవాళ్లు. ఆ గుంపులో మీ అర్జీ ఇస్తే అదే కట్టలోకి పోతుంది. ముందుగా పీఏకి ఫోన్ చేసి "సహాయం అడగడానికి కాదు, అసెంబ్లీలో ప్రశ్న కోసం కాగితం ఇవ్వడానికి" అని చెప్పండి. సమావేశాలకి నెల ముందు వెళ్లడం మంచిది, సమావేశాలు మొదలయ్యాక వెళ్తే పెళ్లి భోజనాలు అయిపోయాక శుభలేఖ ఇచ్చినట్టే. ముగ్గురికి మించి వెళ్లకండి, అందులో ఒకరు ఈ సమస్య స్వయంగా పడ్డవాళ్లయితే మంచిది, వాళ్లు ఒప్పుకుంటేనే.

సంతకాల గురించి ఒక మాట. ఊరూపేరూ లేని వేల సంతకాల కంటే, ఆ నియోజకవర్గంలోని రెండు మూడు గ్రామ సమాఖ్యలు చేసిన తీర్మానం కాపీలకి విలువ ఎక్కువ. డ్వాక్రా సంఘాల మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించి, అధ్యక్షురాలి సంతకం, తేదీ, గ్రామం, మండలం ఉండేలా జిరాక్స్ తీయించండి. ఎమ్మెల్యే ఆ పేజీ తిప్పగానే ముందు చూసేది మండలం పేరే.

కాగితం

ఒక పేజీ. రెండో పేజీ ఉందంటే ఎవరూ చదవరు. ఇలా ఉండొచ్చు:

"గౌరవనీయులైన శాసనసభ్యులు గారికి నమస్కారం. విషయం: హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షన్ 15(1), స్త్రీల స్వార్జిత ఆస్తి. భర్త, పిల్లలు లేని స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే, ఆమె సంపాదించుకున్న ఆస్తి తల్లిదండ్రుల కంటే ముందు భర్త వారసులకి వెళ్తోంది. 2008లో లా కమిషన్ 207వ నివేదిక దీన్ని మార్చమంది. వారసత్వం ఉమ్మడి జాబితాలోని అంశం. 1985లో మన శాసనసభ ఇదే చట్టాన్ని కూతుళ్ల కోసం సవరించింది. మా కోరిక: వచ్చే సమావేశాల్లో దీనిపై న్యాయశాఖ మంత్రి గారిని ప్రశ్న అడగవలసిందిగా మనవి. ప్రశ్న ముసాయిదా జత చేశాం."

అంతే. కథ లేదు, కన్నీళ్లు లేవు. కథ నోటితో చెప్పండి, కాగితం మీద సెక్షన్ ఉండాలి.

ఇక ప్రశ్న ముసాయిదా. అసెంబ్లీ ప్రశ్నలకి ఒక పాత గ్రాంథికపు అచ్చు ఉంటుంది, దాంట్లోనే రాసిస్తే పీఏ పని సగం తగ్గుతుంది: "న్యాయశాఖ మంత్రివర్యులు దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేయుదురా: (ఎ) హిందూ వారసత్వ చట్టము 15వ సెక్షనును రాష్ట్రమునకు వర్తించునట్లు సవరించు ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా, (బి) ఉన్నచో, ఆ వివరములు ఏవి, (సి) లేనిచో, అందుకు గల కారణములు ఏవి?" ఆ (సి) చాలా ముఖ్యం. అది లేకపోతే మంత్రి "లేదండి" అని కూర్చుంటారు. అభిప్రాయం అడగకండి, సమాచారం అడగండి. "ఇది అన్యాయం కాదా?" అన్న ప్రశ్నని అసెంబ్లీ సచివాలయం లోపలికే రానివ్వదు.

కోర్టులో నడుస్తున్న కేసు మాత్రం ఇందులో పెట్టకండి. విచారణలో ఉన్న విషయాన్ని సభలో ఎత్తకూడదని నియమం, మీ కాగితం మొత్తం ఆ ఒక్క పేరాతో పక్కకి పోతుంది. బాధితుల పేర్లు, ఊళ్లు కూడా వద్దు. సభలో చదివితే రికార్డుల్లోకి ఎక్కుతుంది, పేపర్లో వస్తుంది, ఆ అమ్మాయి మళ్లీ అదే వీధిలో బతకాలి.

పార్లమెంటులో అయితే

లోక్‌సభలో రోజుకి నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేవి) 20, రాతపూర్వక సమాధానం వచ్చేవి 230. రాజ్యసభలో 15, 160. కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి, లాటరీ తీస్తారు. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. నక్షత్ర ప్రశ్న కోసం పట్టుబట్టకండి, రాతపూర్వకమే మనకి ఉపయోగం, అంకెలతో సహా కాగితం చేతికొస్తుంది. ఎంపీ దగ్గరికి వెళ్లే ముందు సంసద్ వెబ్‌సైట్‌లో పాత సమాధానాలు వెతకండి, మీ ప్రశ్న ఎవరో ఒకరు ఎప్పుడో వేసే ఉంటారు. దాని ప్రింటు తీసుకెళ్లి "అప్పుడు పరిశీలిస్తున్నామన్నారు, ఇప్పుడేమైందో అడగండి" అనడం కొత్త ప్రశ్న కంటే పదునుగా ఉంటుంది. ఏ మంత్రిత్వ శాఖ అన్నది సరిచూసుకోండి: వారసత్వం, విడాకులు న్యాయశాఖ, గృహహింస మహిళా శిశు అభివృద్ధి, పెద్దల పోషణ సామాజిక న్యాయ శాఖ, ఎన్నారై పెళ్లిళ్లు విదేశాంగ శాఖ.

ఎన్నారై పెళ్లిళ్లు అంటే గుర్తొచ్చింది. పెళ్లి చేసుకుని నెలలోపే విమానమెక్కి ఫోన్ నంబర్ మార్చేసిన అల్లుళ్ల కథ ప్రతి జిల్లాలోనూ ఉంది. ఎన్నారై పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ బిల్లుని 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టారు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ 287వ నివేదిక అసలు దీనికి సమగ్రమైన చట్టమే కావాలంది. రాజ్యసభలో పెట్టి అక్కడే పెండింగ్‌లో ఉన్న బిల్లు లోక్‌సభ రద్దయినా చావదు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఇక్కడి ఎంపీకి మెయిల్ పెడితే చదవరనుకోకండి, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల చేత అదే కాగితం చేతికిప్పించండి, రెండూ కలిస్తే కదులుతుంది.

లోక్‌సభ 377వ నిబంధన కింద ఎంపీ చేత చిన్న ప్రకటన చదివించొచ్చు, 250 పదాల లోపు, తర్వాత మంత్రిత్వ శాఖ రాతపూర్వకంగా జవాబిస్తుంది. జీరో అవర్, అంటే సభ్యులు అత్యవసర విషయాలు ఎత్తే సమయం, టీవీలో బాగుంటుంది. అంతకుమించి చెప్పడానికి లేదు.

ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టించాలని చాలామందికి ఉంటుంది. పెట్టించండి, కానీ ఆశ ఎంత పెట్టుకోవాలో తెలుసుకుని పెట్టించండి. మంత్రి కాని ఏ సభ్యుడైనా పెట్టొచ్చు, శుక్రవారం చివరి రెండున్నర గంటలు వీటికి కేటాయిస్తారు, చాలామంది ఎంపీలు ఆ టైముకి ఎయిర్‌పోర్టు దారిలో ఉంటారు. 1952 నుంచి ఇప్పటిదాకా చట్టాలైనవి 14, చివరిది 1970లో. అయినా ఎందుకంటే, బిల్లు పెడితే వాక్యం బయటికొస్తుంది. స్వాతంత్ర్యానికి ముందు హర్‌బిలాస్ శారదా అనే అజ్మీరు సభ్యుడు 1927లో బాల్యవివాహాల మీద సొంతంగా బిల్లు పెట్టాడు, 1929లో పాసైంది, 1930 ఏప్రిల్ 1 నుంచి ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 అన్న హద్దు వచ్చింది. మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1927లో దేవదాసీ ఆచారం మీద తీర్మానం పెట్టారు. పూర్తిస్థాయి చట్టం 1947లో. అప్పుడు మన ఆంధ్ర జిల్లాలూ ఆ రాష్ట్రంలోనివే.

వాళ్లు వెనక్కి జరిగినప్పుడు

"మగపిల్లల తండ్రులు కూడా నాకు ఓట్లేస్తారమ్మా" అని మొహం మీదే అంటారు. దానికి కోపం తెచ్చుకోకండి. 15వ సెక్షన్ విషయంలో ఆ తండ్రులకీ కూతుళ్లున్నారని చెప్పండి, కూతురు చదివిన చదువుకి ఫీజు కట్టింది వాళ్లే. పిల్లల కస్టడీ విషయంలో అయితే తండ్రుల సంఘాలవాళ్లు కూడా వస్తారు, ఉమ్మడి కస్టడీ మీద లా కమిషన్ 2015లో 257వ నివేదిక ఇచ్చింది, దాన్ని పట్టుకుని. మీకు నచ్చనివాళ్లూ ఇదే గుమ్మం తొక్కుతారు, తొక్కనివ్వండి. మీ కాగితంలో అంకె, సెక్షన్ సరిగ్గా ఉంటే చాలు.

సమాధానం వచ్చింది, అందులో "అట్టి ప్రతిపాదన ఏదియు పరిశీలనలో లేదు" అని ఉంది. నూటికి తొంభై ఇలాగే వస్తాయి. నిరాశ పడి ఆపేయకండి, అది ఇప్పుడు రికార్డు. ఆ కాపీ జతచేసి శాఖకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: లా కమిషన్ నివేదిక మీద ఫైల్‌లో ఏం రాశారు, ఎప్పుడు రాశారు, నోట్ కాపీలు ఇవ్వండి అని. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. వచ్చిన నోట్‌లోంచి తర్వాతి ప్రశ్న తయారవుతుంది. అర్జీల కమిటీ కూడా ఉంది, లోక్‌సభకి ఇచ్చే అర్జీ మీద ఒక సభ్యుడు సంతకం చేసి సభ ముందుంచాలి. ఇప్పటికే మీకు పరిచయమైన ఎంపీ ఉంటాడు కాబట్టి అడగొచ్చు.

ఎప్పుడైనా అసలు బిల్లే వచ్చి స్థాయీ సంఘానికి వెళ్లిందనుకోండి, అప్పుడు మాత్రం అన్నీ పక్కన పెట్టి దాని మీద కూర్చోండి. సలహాలు పంపమని పేపర్లలో ప్రకటన వేస్తారు, గడువు చాలాసార్లు 15 రోజులే. మెమొరాండం ఇంగ్లీషులోనో హిందీలోనో అడుగుతారు, తెలుగులో మీరు రాసుకున్నది మీ ఊళ్లో ఇంగ్లీషు మాస్టారు చేత రాయించుకోండి. బిల్లులో ఏ క్లాజు, దాంట్లో ఏ మాట తీసి ఏ మాట పెట్టాలి అన్నది పక్కపక్కన రెండు గడుల్లో చూపించండి. కింద, కమిటీ ముందుకి స్వయంగా వచ్చి చెప్పాలనుకుంటున్నామని ఒక వాక్యం తప్పకుండా రాయండి. ఆ వాక్యం లేనివాళ్లని వాళ్లు పిలవరు.